విమానానికి కప్పాల్సిన శాలువా

విమానానికి శాలువా కప్పడం కుదరదు కాబట్టి నాకు కప్పుతామని కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. నేనప్పుడు తంగళ్ళపల్లిలో మా ఇంటి ముందర కూర్చుని చిక్కుడుకాయలకు నారలు తీస్తున్నాను. రిటైరైన మగవాడికి మా ఇంట్లో దొరికే పోస్టింగు అదే.

ఫోన్ చేసింది కోరుట్లలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే లెక్చరర్. ముప్పై ఏళ్ళుంటాయేమో ఆ అమ్మాయికి. విమానాల ముచ్చట మొదలుపెడితే ఊపిరి తీసుకోదు. మిగ్-21 యుద్ధవిమానం సర్వీసు నుంచి దిగిపోతోందట, ఆఖరిసారి ఎగిరే రోజు దగ్గరపడిందట. ఆ సంగతి నాకూ తెలుసు. పేపర్లో చూసినప్పటి నుంచి అన్నం సరిగ్గా పోవడం లేదు. కానీ ఆమె చెప్పిన మిగతా సంగతి విన్నాక నవ్వాలో ఏం చెయ్యాలో తోచలేదు.

"సార్, మన దగ్గర ఒక టీచర్ రిటైరైతే ఫ్లెక్సీ కడ్తం, డప్పులు పెడ్తం, శాలువా కప్పి, మటన్ పెట్టి పంపుతం. అరవై ఏండ్లు చేసినదాన్ని గిట్లనే ఉత్తగ పంపుతమా?"

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో విమానాల పిచ్చివాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉందని అప్పుడే తెలిసింది నాకు. మన మూడు ఊళ్ళలో ఎక్కడా ఎయిర్‌పోర్టు లేదు. అయినా నెత్తిమీద తెల్లగీత గీసుకుంటూ విమానం పోతే అది ఏ రకం, ఎన్ని ఇంజిన్లు, దుబాయికా దోహాకా అని పందేలు వేసుకునే జనం ఉన్నారు. వాళ్ళందరూ కలిసి మిగ్‌కు పదవీ విరమణ సన్మానం తలపెట్టారు. ఆ విమానం దగ్గర పనిచేసిన మనిషి వాళ్ళకు ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే దొరికాను. అందుకని దాని శాలువా నాకు.

నేను సరేనన్నాను. సరేనంటూ ఉబ్బిపోయాను కూడా. అప్పుడు ఆ అమ్మాయి ఇంకో మాట అంది.

"మీరు అతికిన గుడ్డ పట్టుకొని విమానం ఆగిన కథ మావోళ్ళందరికీ ఎర్కే సార్. ఆ రోజు స్టేజీ మీద గదే చెప్పాలె మీరు."

నా చేతిలో చిక్కుడుకాయ అక్కడే ఆగిపోయింది.

ఆ కథ సంగతి మీకు ఇప్పుడే చెప్పేస్తాను. అది అబద్ధం. పుట్టించింది నేను కాదు గానీ, నలభై ఏళ్ళు దానికి అన్నం పెట్టి పెంచింది మాత్రం నేనే. ఇక మొదటి నుంచి వినండి. ముఖ్యంగా మీలో ఎవరైనా నాలుగు రోజుల్లో ఏదో ఒక ఉద్యోగంలో చేరబోతుంటే ఇంకొంచెం శ్రద్ధగా వినండి.

మా బాపు సిరిసిల్లలో సాంచా మీద పనిచేసేవాడు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. నాకు పదేళ్ళు వచ్చేసరికే తెగిన పోగు అతకడం వచ్చు. నేను అతికితే బట్ట మీద చెయ్యి పెట్టి చూసినా ఎక్కడ తెగిందో తెలిసేది కాదు. బాపు ఆ మాట పదిమందిలో చెప్పి మురిసేవాడు. నాకు మాత్రం ఆ సాంచాల చప్పుడు నుంచి ఎప్పుడు బయటపడదామా అని ఉండేది. పంతొమ్మిదేళ్ళకు ఎయిర్‌ఫోర్స్‌లో సెలక్ట్ అయ్యాను. చప్పుడు తప్పించుకుందామని పోయినవాణ్ణి తీసుకుపోయి జెట్ ఇంజిన్ పక్కన నిలబెట్టారు.

అక్కడ నాకిచ్చిన పనేమిటో మొదటి ఉత్తరంలో రాస్తే బాపు నుంచి జవాబు వచ్చింది. "ఇంట్ల గుడ్డ మడతపెట్టుమంటే పారిపోయినవ్. గాడ కూడా గుడ్డ మడతపెట్టుడే పనాయె గదరా కొడుకా!"

నిజమే. మిగ్ దిగేటప్పుడు మహా వేగంగా దిగుతుంది. గంటకు మూడు వందల కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ. అంత వేగం ఒక్క చక్రాల బ్రేకులతో ఆగదు. అందుకని తోక మొదట్లో ఒక డబ్బా ఉంటుంది, అందులో మడతపెట్టిన పారాచూట్ ఉంటుంది. మేము ఉత్త చూట్ అనేవాళ్ళం. చక్రాలు నేలకు తగలగానే పైలట్ మీట నొక్కితే చూట్ వెనకాల విచ్చుకుని విమానాన్ని గుంజి పట్టుకుంటుంది. వేగం తగ్గాక పైలట్ దాన్ని రన్‌వే చివర వదిలేసి పోతాడు. దాన్ని ఏరుకొచ్చి, దుమ్ము దులిపి, ఎక్కడైనా చిరిగిందేమో చూసి, మళ్ళీ మడతపెట్టి, మోకాలితో అదిమి అదిమి డబ్బాలో కూరడమే నా ఉద్యోగం. ఇంజిన్ పని చేసేవాళ్ళు నన్ను దర్జీ అని పిలిచేవాళ్ళు. పిలవనీ. వాళ్ళు లేకపోతే విమానం లేవదు, నేను లేకపోతే ఆగదు.

ఇక ఆ విమానం! మీరు ఫోన్లలో చూసి మురుస్తుంటారు. నేను పొద్దునపూట చాయ్ గ్లాసు పట్టుకుని దానికి యాభై గజాల దూరంలో నిలబడ్డవాణ్ణి. ముందు ఒక ఈల లాంటి చప్పుడు. తర్వాత కడుపులో పేగులు కదిలేంత మోత. పైలట్ మంట పెంచగానే గ్లాసులో చాయ్ మీద గుండ్రటి అలలు లేచేవి. ముక్కు దగ్గర పెద్ద నోరు, రెండు పక్కలా సమోసా ముక్కలంత చిన్న రెక్కలు. ఆ రెక్కలు చూసి ఇది ఎగురుతుందంటే మొదటిరోజు నేను నమ్మలేదు. రెండో రోజు నుంచి ఇంకే విమానాన్నీ విమానమని ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. నా పెళ్ళిచూపుల్లో మా మామగారు మా పిల్ల ఎట్లుందని అడిగితే కూడా నేను ఒక్క నిమిషం రెక్కల గురించే చెప్పానట. ఇది మా ఆవిడ ఫిర్యాదు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను.

ప్రతి విమానానికీ ఒక పుస్తకం ఉంటుంది. ఇంజిన్ చూసినవాడు, చక్రాలు చూసినవాడు, చూట్ కూరినవాడు ఎవరి గడిలో వాళ్ళు సంతకం పెట్టాలి. అన్ని సంతకాలూ చూసుకుని, అందరి కింద పైలట్ తన సంతకం పెట్టి ఎక్కుతాడు. చూట్ ఎక్కడైనా వేలెడు చిరిగినా నేను చెయ్యాల్సింది ఒకటే, ఎర్ర చీటీ కట్టి కుట్టు సెక్షనుకు పంపడం. వాళ్ళు కుడతారు, బరువు వేసి గుంజి చూస్తారు, అప్పుడు తిరిగి పంపుతారు. సూది పట్టుకునే హక్కు నాకు లేదు.

చేరిన రెండో ఏట ఒక మధ్యాహ్నం చూట్ దులుపుతుంటే కుట్టు పక్కన వేలెడు చిరుగు కనబడింది. ఎర్ర చీటీ కడితే రెండు రోజులు. అప్పటికి వేరే చూట్ లేదు. అంటే మర్నాడు పొద్దున అన్ని విమానాలూ ఎగురుతుంటే నా విమానం ఒక్కటే నేల మీద కూర్చుంటుంది. దర్జీ వల్ల ఆగిందని అందరూ నవ్వుతారు. ఇదంతా ఆలోచిస్తుండగానే నా చెయ్యి ఆలోచించడం మానేసింది. పనికిరాదని పక్కన పడేసిన పాత చూట్ ఒకటి ఉంటే దాని అంచు నుంచి పోగులు లాగాను. కూర్చుని, బాపు నేర్పినట్టే, పోగుకు పోగు కలిపి నేసేశాను. అరగంటలో చిరుగు మాయం. తనిఖీ చేసేవాడు వచ్చి గుడ్డంతా చెయ్యి పెట్టి తడిమాడు. ఆ చోటు మీద నుంచి కూడా చెయ్యి పోయింది. ఏమీ తెలియలేదు. అప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. పుస్తకంలో సంతకం కొంచెం పెద్దగానే పెట్టాను.

మర్నాడు పొద్దున విమానం లేచింది. అది తిరిగొచ్చేదాకా మాకు పనుండదు. నేను ఒక ఖాళీ పెట్టె మీద కూర్చుని ఇన్లాండ్ లెటర్ తీసి బాపుకు ఉత్తరం మొదలుపెట్టాను. ఆ ఉత్తరం నాకిప్పటికీ నోటికి వచ్చు. "బాపూ, నిన్న విమానం గుడ్డ చినిగితే మన ఇంటి అతుకు ఏసిన. పెద్దసారు చెయ్యి పెట్టి చూసిండు, దొరకలే. గిప్పుడు గా అతుకు మీదనే విమానం దిగుతది. గీ సంగతి ఈడ ఎవ్వలకు ఎర్కలేదు."

రాసి, మురిసిపోతూ మళ్ళీ చదువుకున్నాను. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను.

ఎవ్వరికీ తెలియదంటే పైలట్‌కు కూడా తెలియదు.

అతుకు ఆగుతుందని నా చేతులకు నమ్మకమే. కానీ సాంచా మీద పోగు తెగితే మళ్ళీ అతకవచ్చు. ఇక్కడ తెగితే? ఆ విమానంలో ఉన్నవాడు నాకంటే ఐదారేళ్ళు పెద్దవాడు, అంతే. వారం కిందటే వాళ్ళమ్మ పంపిన లడ్డూలు మాకందరికీ పంచాడు. వెళ్ళి చెబుదామని లేచాను. చెబితే నా ఉద్యోగం ఉండదనిపించి కూర్చున్నాను. మళ్ళీ లేచాను. మళ్ళీ కూర్చున్నాను. బస్టాండులో మెట్‌పల్లి బస్సు కోసం చూసేవాడిలా అలా ఎన్నిసార్లు లేచి కూర్చున్నానో. పది నిమిషాలు పట్టింది నాకు.

చివరికి ఉత్తరం అక్కడే పడేసి పరుగెత్తాను. మా వారెంట్ ఆఫీసర్, అంటే మా అందరి మీద పెద్ద మేస్త్రి లాంటివాడు, డేరాలో చాయ్ తాగుతున్నాడు. పెద్ద మీసాలు, తక్కువ మాటలు. నాకు అప్పటికి వచ్చిన హిందీ అంతా మర్చిపోయి సగం తెలుగులో చెప్పాను. ఆయనకు అర్థమైంది. తిట్టలేదు. గ్లాసు నేల మీద పెట్టి, ఫోన్ అందుకుని కంట్రోల్ టవర్‌కు మూడు ముక్కలు చెప్పాడు. చూట్ నమ్మొద్దు, లేదనుకుని దిగమనండి అన్నాడు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంచెం బాగుండేది.

ఆ తర్వాత పావుగంటలో జరిగినవి చూడండి. అగ్నిమాపక బండ్లు వచ్చి రన్‌వే పక్కన నిలబడ్డాయి. రన్‌వే చివర అడ్డంగా పెద్ద వల లేపారు. పైలట్ ఇంధనం తగ్గేదాకా పైన చక్కర్లు కొట్టాడు. ప్రతి చక్కరుకూ నా నెత్తిమీద నుంచే పోయాడు. తర్వాత రన్‌వే మొదట్లోనే, గీత మీద పెట్టినట్టు చక్రాలు ఆనించాడు. వెనక చూట్ లేదు. విమానం పోతూనే ఉంది, పోతూనే ఉంది. ఎప్పుడూ ఆగే చోటు దాటింది. చక్రాల నుంచి పొగ లేచింది. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ ముందు, తెలియనివాళ్ళను తర్వాత మొక్కుకున్నాను. వలకు ఇంకా ఒక బస్సు పట్టేంత జాగ ఉందనగా ఆగింది.

పైలట్ దిగి, హెల్మెట్ చేత్తో పట్టుకుని నడిచి వచ్చాడు. చూట్ కూరింది ఎవరని అడిగాడు. నేను చెయ్యి ఎత్తాను. ఆయన హిందీలో అన్నది మన మాటలో ఇంతే. "నువ్వు పట్టిన సూది నేను చూడలే తమ్మీ. నీ సంతకం చూసి ఎక్కిన." అని, హెల్మెట్ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అసలు తమాషా సాయంత్రం జరిగింది. ఆ చూట్‌ను తీసి కుట్టు సెక్షనులో బరువులు వేసి గుంజి చూశారు. వారెంట్ ఆఫీసర్ నన్ను కూడా పిలిచి నిలబెట్టాడు. గుంజారు. ఇంకా గుంజారు. నా అతుకు చెక్కుచెదరలేదు. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. ఆయన నా నవ్వు చూశాడు. అప్పటికి వారం రోజులే అనుకున్న శిక్షను అక్కడికక్కడే నెల చేశాడు.

"తెగి ఉంటే నువ్వు మళ్ళ గిట్ల చెయ్యవు. ఆగింది. గందుకే నిన్ను చూస్తే నాకు భయం." ఇదీ హిందీలోనే అన్నాడు, కానీ ఎందుకో నాకు ఎప్పుడు గుర్తొచ్చినా మా బాపు గొంతుతోనే వినబడుతుంది.

నెలపాటు నాకు సంతకం లేదు. ఎర్రటి ఎండలో రన్‌వే చివరికి పోయి చూట్‌లు ఏరుకొచ్చి దులపడమే. మడత నేనే పెట్టేవాణ్ణి, కానీ గడిలో వేరేవాడు సంతకం చేసేవాడు. వండినదాన్ని వేరేవాళ్ళు వడ్డిస్తే ఎలా ఉంటుందో మా ఆవిడను అడగండి, చెబుతుంది. నెల గడిచాక ఒక పొద్దున వారెంట్ ఆఫీసర్ తన జేబులో పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు. అప్పుడు ఎగరబోయేది అదే పైలట్. నా సంతకం మీద వేలు పెట్టి చూసి, కింద తన సంతకం పెట్టి నిచ్చెన ఎక్కాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంజిన్ పొగ అని కళ్ళు తుడుచుకున్నాను. అప్పటికి ఇంజిన్ ఇంకా మొదలుపెట్టలేదు.

మరి ఈ కథ తిరగబడి మన దగ్గరికి ఎలా వచ్చిందంటారా? ఆ ఉత్తరం. నేను పరుగెత్తినప్పుడు పెట్టె మీద పడేసిపోయాను కదా, చిరునామా ముందే రాసి ఉంది. నా గదిలో ఉండే కేరళ కుర్రవాడు దాన్ని చూసి, పాపం మర్చిపోయాడనుకుని, అంటించి పోస్టులో వేశాడు. వాడికి తెలుగు రాదు, వాణ్ణి ఏమనాలి? బాపు ఆ ఉత్తరాన్ని సాంచాల షెడ్డులో మిషన్లు ఆపించి మరీ చదివించాడట. ఇంకేముంది, గోరంత కొండంతయింది. మొదటి ఏడు నేను అతికిన గుడ్డతో విమానం ఆగింది. మూడో ఏడుకు గాలివాన కలిసింది. పదో ఏడుకు నేను రన్‌వే చివర నిలబడి తాడు పట్టుకుని విమానాన్ని గుంజాను. సెలవు మీద వచ్చినప్పుడు ఎంతోమంది నా అరచేతులు తిప్పి చూశారు. మొదటిసారి నిజం చెబుదామని నోరు తెరిచాను. అప్పుడు బాపు నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం చూసి నోరు మూసుకున్నాను. ఆ తర్వాత అలవాటైపోయింది.

ఇప్పుడు అర్థమైందా, కోరుట్ల ఫోన్ వచ్చాక నా నిద్ర ఎందుకు పోయిందో? ఆ విమానానికి కప్పాల్సిన శాలువా, ఆ విమానం విషయంలోనే చెప్పిన అబద్ధానికి కప్పించుకోవాలి.

కానీ వాళ్ళ హడావిడిలో పడ్డాక నిద్రే కాదు, వయసు కూడా మర్చిపోయాను. సిరిసిల్ల బయట ప్లాట్లు అమ్ముదామని ఒకాయన వెంచర్ వేసి తారురోడ్డు పోశాడు. ప్లాట్లు అమ్ముడుపోలేదు గానీ రోడ్డు మాత్రం తిన్నగా, రన్‌వే లాగే ఉంది. అక్కడే ఫంక్షన్. మెట్‌పల్లి నుంచి ఒకాయన వచ్చాడు, గల్ఫ్‌లో పద్దెనిమిదేళ్ళు ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించి తిరిగొచ్చినవాడు. ఫోన్ రింగుటోను కూడా మిగ్ ఇంజిన్ చప్పుడే. ఆ ఫోన్ మోగి కోరుట్ల బస్టాండులో ఒక ముసలమ్మ బుట్ట వదిలేసి పరుగెత్తిందట. ఆయన దగ్గర పికప్ బండి ఉంది. బండి వెనక చూట్ కట్టి, స్పీడుగా పోనిచ్చి, విచ్చుకునేలా చేసి చూపిద్దామని ఆయన ఆలోచన. బండి నడిపేది మన లెక్చరర్. చూట్ మడతపెట్టేది నేను. గుడ్డ సిరిసిల్లలో ఒక సాంచాల ఆసామి ఇచ్చాడు, చీరల ఆర్డరులో మిగిలింది. చిలకపచ్చ రంగు, నాలుగు వేళ్ళ జరీ అంచు. అంచు కత్తిరిద్దామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. సన్మానానికి అంచు లేని గుడ్డ ఏమిటంది. ప్రపంచంలో జరీ అంచు చూట్ అదొక్కటే అయి ఉంటుంది.

ఫంక్షన్ రోజు పొద్దున ఆ చూట్ మడతపెట్టి సంచిలో కూరుతుంటే నలభై ఏళ్ళు ఎగిరిపోయాయి. మోకాలు నొప్పి కూడా తెలియలేదు. అంచు దగ్గర ఒక చిన్న పని పడితే అది కూడా చేసేసి, ఈలపాట పాడుకుంటూ లేచాను.

డేరా కింద పెద్ద తెర కట్టారు. మూడు ఊళ్ళ పిచ్చివాళ్ళూ, వాళ్ళ పిల్లాపాపలూ, రాయికల్ నుంచి ఒక డప్పుల బృందం. ఫ్లెక్సీ మీద ఒక పక్క మిగ్, ఒక పక్క నేను. ఇద్దరిలో ఎవరు రిటైరవుతున్నారో తెలియకుండా ఉంది. తెర మీద ఆఖరి ఎగురుడు చూపించారు. మిగ్‌లు వరసగా అక్కడి జనం నెత్తిమీద నుంచి పోయి, దిగి, రెండు పక్కల నుంచి చల్లిన నీళ్ళ మధ్య నుంచి మెల్లగా నడిచి వచ్చాయి. ఒక్కొక్కటి దిగేటప్పుడు వెనక చూట్ విచ్చుకుంది. నాకు తెలియకుండానే ప్రతి చూట్‌కూ లేచి నిలబడ్డాను. పక్కన మెట్‌పల్లి ఆయన నా భుజం పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఎగిరాడు. డప్పులవాళ్ళు ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టారు.

అప్పుడు పళ్ళెంలో శాలువా తెచ్చారు. నా చేతికి మైకు ఇచ్చారు.

శాలువా ఆపి ముందు నా మాట వినమన్నాను. మీకు చెప్పినట్టే మొత్తం చెప్పాను. చిరుగు, సూది, పది నిమిషాలు, పొగలు కక్కే చక్రాలు, నా నవ్వు. డప్పులవాళ్ళు కర్రలు కింద పెట్టారు. వీడియో తీస్తున్న మెట్‌పల్లి ఆయన ఫోన్ మెల్లగా దించాడు. ముందు వరసలో మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత అందరికీ వినబడేటట్టే అంది. "నలభై ఏండ్లసంది గీ కథ నా సుట్టాలందరికీ జెప్పింది నేనే గదయ్యా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. కానీ శాలువా పళ్ళెం పట్టుకున్న లెక్చరర్ నవ్వలేదు. పళ్ళెం కుర్చీ మీద పెట్టి వెళ్ళిపోయింది. అయిపోయింది, మటన్ కూడా దొరకదనుకున్నాను.

ఆమె తిరిగొచ్చింది. చేతిలో నోటుబుక్కులో చింపిన కాగితం. దాని మీద స్కేలుతో గీసిన నాలుగు గడులు. ఇంజిన్ అని రాసిన గడిలో, టైర్లు అని రాసిన గడిలో మెట్‌పల్లి ఆయన సంతకాలు అప్పుడే పెట్టి ఉన్నాయి. అన్నిటికంటే కింద నడిపేవారు అని ఉంది.

"చూట్ గడి ఖాళీ ఉంది సార్. మీరు సంతకం పెడితేనే నేను బండెక్కుత."

పెన్ను తీసుకున్నాను. గడిలో మొదటి అక్షరం పడింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, పొద్దున అంచు దగ్గర పడిన ఆ చిన్న పని. జరీ పక్కన రెండు వేళ్ళంత చిరుగు. ఈలపాట పాడుకుంటూ అతికేశాను. ఎవరికీ చెప్పలేదు. అదే చెయ్యి, అదే పని, నలభై ఏళ్ళ తర్వాత! ఇప్పుడే మైకు పట్టుకుని ఊరందరికీ నీతులు చెప్పినవాణ్ణి నేను. వారెంట్ ఆఫీసర్ నన్ను చూసి ఊరికే భయపడలేదు.

"ఆగు బిడ్డా," అన్నాను. "పొద్దున ఒక చోట చినిగి ఉండె. ఎవ్వలకు జెప్పకుండ అతికిన."

ముందు మా ఆవిడ మొదలుపెట్టింది నవ్వడం. ఆమెను చూసి మెట్‌పల్లి ఆయన, ఆయనను చూసి డప్పులవాళ్ళు, ఇక అందరూ. నేను కూడా కూర్చుని కళ్ళవెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. నవ్వుతూనే సంచి విప్పి, చూట్ మొత్తం బయటికి తీసి, ఆ చోటు ఆమెకు చూపించాను. మెట్‌పల్లి ఆయనా నేనూ చెరో పక్క పట్టుకుని గుంజి చూశాం. తర్వాత మళ్ళీ మడతపెట్టాను, ఈసారి అందరి ముందర. గడిలో రాశాను, జరీ అంచు పక్కన ఒక అతుకు ఉంది, వేసింది నేనే అని. కింద సంతకం పెట్టాను. ఆమె అది పూర్తిగా చదివి, కింద తన సంతకం పెట్టి బండి ఎక్కింది.

పికప్ బండి వెంచర్ రోడ్డు మీద దుమ్ము రేపుకుంటూ వచ్చింది. మా ముందుకు రాగానే బండి వెనక కూర్చున్న మెట్‌పల్లి ఆయన తాడు లాగాడు. చిలకపచ్చ గుడ్డ ఒక్కసారి పటపటమని కొట్టుకుని, నిండుగా విచ్చుకుంది. ఎండకు జరీ మెరిసింది. బండి ముక్కు కొంచెం వంగి, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టు ఆగుతూ ఆగుతూ ఆగింది. ఆ అరుపులు మీరు వినాలి. నేనైతే పరుగెత్తాను, రన్‌వే చివరికి చూట్ ఏరుకోవడానికి పరుగెత్తినట్టే. మా ఆవిడ శాలువా పట్టుకుని నా వెనకాల వస్తూ పడతావు పడతావని తిడుతూనే ఉంది. నేను చూట్ దగ్గర ఒంగినప్పుడు వెనక నుంచి ఆ శాలువాను నా భుజాల మీద వేసింది.

లెక్చరర్ బండి దిగి వచ్చి నేల మీద పరిచిన గుడ్డ ముందర గొంతుక్కూర్చుంది. అంచు వెంబడి చేత్తో తడుముకుంటూ పోయింది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు.

"ఏది సార్ అతుకు? ఇందాక చూపిచ్చిండ్రు గని గిప్పుడు నాకైతే దొరకుతలేదు."

నాకు నవ్వు రాబోయింది. వారెంట్ ఆఫీసర్ పెద్ద మీసాలు గుర్తొచ్చి ఆపుకున్నాను. ఆమె పక్కన కూర్చుని, దాని మీద వేలు పెట్టి చూపించాను.